లేచి వెళ్ళడానికి కారణాలు: ఇంట్లో చదువుకునే చోటును సరిదిద్దిన ఒక కేస్ స్టడీ

ఇంట్లో చదువుకునే చోటు కుదరడం లేదని నా దగ్గరకు వచ్చే కుటుంబాలలో ఎక్కువమంది అప్పటికే ఏదో ఒకటి కొని ఉంటారు. ఈ కేసులోనూ అంతే. గట్టి చెక్క బల్ల, ఎత్తు మార్చుకునే వీలున్న తిరుగుడు కుర్చీ, మెడ వంచుకునే దీపం, గోడకు పుస్తకాల అర అన్నీ ఉన్నాయి. "ఇన్ని ఏర్పాట్లు చేశాక కూడా గట్టిగా అరగంట కూర్చోదండీ, ఏకాగ్రత లేదు" అన్నది తల్లిదండ్రుల ఫిర్యాదు. "కూర్చుంటాను మేడమ్, కానీ ఎందుకో లేచేస్తాను" అన్నది అమ్మాయి మాట. రోజువారీ పనులు సాఫీగా సాగేలా మనిషికీ చోటుకూ పొత్తు కుదిర్చే ఆక్యుపేషనల్ థెరపిస్టుగా నేను రెండో మాటనే పట్టుకున్నాను. ఏకాగ్రతను చూసి కొలవడం కష్టం. కుర్చీలోంచి లేవడం కంటికి కనిపిస్తుంది, దానికి ఒక సమయం ఉంటుంది, అడిగితే ఒక కారణం దొరుకుతుంది. ఆ కారణాలు కాగితం మీదికి వచ్చిన తర్వాతే బల్లను కదిలించాలి, అప్పటికీ అవసరమైతేనే ఏదైనా కొనాలి అన్న వరుసలో ఈ కేసు నడిచింది. విద్యార్థిని, ఆమె తల్లిదండ్రుల అంగీకారంతో వివరాలు రాస్తున్నాను. గుర్తుపట్టే వీలున్న విషయాలను తొలగించాను.

విద్యార్థిని, గది

వయసు 19 ఏళ్ళు, ఎత్తు 154 సెం.మీ., ఎడమచేతి వాటం. ఒక వృత్తివిద్యా కోర్సు ప్రవేశ పరీక్ష కోసం ఇంటి దగ్గరే ఉండి సిద్ధమవుతోంది కాబట్టి క్లాసు గంటలు, తరగతి గది మారడం, స్నేహితులతో కలిసి నడవడం వంటి బయటి క్రమం ఏదీ ఆమె రోజులో లేదు. రోజంతా ఒకే గదిలో గడుస్తుంది. ఆ గదిని తమ్ముడితో పంచుకుంటోంది. అతనికి సాయంత్రాలు ఆన్‌లైన్ క్లాసులు ఉంటాయి. గదిలో రెండు మంచాలు, ఒక బల్ల, ఒక కిటికీ ఉన్నాయి. బల్ల కిటికీకి ఎదురుగా, ఆమె మంచానికి దాదాపు ఆనుకుని ఉంది; కుర్చీని కాస్త తిప్పితే మోకాళ్ళు పరుపుకు తగులుతాయి.

మధ్యాహ్నానికే ఎడమ భుజం పైభాగంలోనూ మెడలోనూ నొప్పి, సాయంత్రం తలనొప్పి, పడుకున్నాక చాలాసేపటి వరకు నిద్ర పట్టకపోవడం, పుస్తకం ముందు కూర్చున్నా పని మొదలుకావడానికే ఆలస్యం కావడం ఆమె చెప్పిన ఇబ్బందులు. కంటి పరీక్ష ఇటీవలే చేయించారు, అద్దాల పవరు సరిగానే ఉంది. భుజం కదలికలు, చేతి పట్టు, స్పర్శ మామూలుగా ఉన్నాయి. తిమ్మిరి చేతిలోకి పాకడం వంటి లక్షణాలు లేవు. అలాంటివి ఉంటే గది సర్దుబాటు పక్కన పెట్టి ముందు వైద్యుడి దగ్గరకు పంపవలసి ఉండేది. మనసు నిలవకపోవడం చిన్నప్పటి నుంచీ అన్ని చోట్లా ఉన్నదా అని కూడా అడిగాను. లైబ్రరీలో ఆమె గంటల తరబడి ఇబ్బంది లేకుండా చదివేది. సమస్య ఈ గదికే పరిమితమని తేలినందువల్ల గదిని పరిశీలించడానికి అర్థం ఏర్పడింది.

లేచిన కారణాల పట్టిక

ఒక వారం పాటు గదిలో ఏమీ మార్చవద్దని అడిగాను. బల్ల అంచున ఒక కాగితం అతికించి, కుర్చీలోంచి లేచిన ప్రతిసారీ సమయాన్నీ, రెండు మూడు మాటల్లో కారణాన్నీ రాయమన్నాను. లేవకుండానే చదువు ఆపి ఫోన్ అందుకుంటే దానికి గుర్తుగా ఒక చుక్క పెట్టాలి. కూర్చున్న సమయం, మొదటి వాక్యమో మొదటి లెక్కో కాగితం మీద పడిన సమయం కూడా రాయాలి. ఇంతకు మించి ఏదీ అడగలేదు, ఎందుకంటే పట్టిక నింపడమే ఒక పనిగా మారితే అది మూడో రోజుకు ఆగిపోతుంది.

ఈ కాగితాన్ని తల్లిదండ్రులు చూడకూడదన్నది నేను పెట్టిన ఏకైక షరతు. ఆమె మొదట దీన్ని నిఘాగా అనుమానించింది. ఇంటి పరిస్థితి చూస్తే ఆ అనుమానం సహజమే. పెద్దల కంట పడే పట్టికలో "నీళ్ళ కోసం", "బాత్‌రూమ్" తప్ప మరో కారణం కనిపించదు. తనకు మాత్రమే చెందిన కాగితమని నమ్మకం కుదిరాక "ఈ లెక్క నాకు రాదు", "విసుగు", "భుజం" వంటి పనికొచ్చే మాటలు అందులో పడ్డాయి.

అంతటికీ ఫోనే మూలమని తల్లిదండ్రులు నమ్మారు. పట్టిక చెప్పింది వేరు. లేవడానికి రాసిన కారణాలలో అన్నిటికంటే ఎక్కువ శరీరానికి సంబంధించినవే: భుజం లాగుతోందని, కాళ్ళు తిమ్మిరెక్కాయని, కాసేపు వీపు వాల్చాలని. తర్వాతివి వస్తువులు: ఛార్జర్, స్కేలు, పాత నోట్సు, తెల్ల కాగితాలు. ఆ తర్వాత మాటల శబ్దం, అదీ సాయంత్రాలలోనే. ఫోన్ చుక్కలకు కొదవ లేదు, కానీ సమయాలను పక్కపక్కన పెట్టి చూస్తే వాటిలో ఎక్కువ భాగం లేచి తిరిగి వచ్చిన వెంటనే పడ్డవి, లేదా టైమర్ పెట్టడానికో మాటకు అర్థం చూడటానికో ఫోన్ తీసినప్పుడు పడ్డవి. ఛార్జర్ కోసం లేచిన అమ్మాయి పది నిమిషాల తర్వాత మంచం మీద ఫోన్‌తో కనిపిస్తోంది, ఇంట్లో వాళ్ళు తలుపు తీసేది సరిగ్గా అప్పుడు. గొలుసులో వాళ్ళ కంట పడుతున్నది చివరి లంకె మాత్రమే.

కూర్చున్న క్షణానికీ మొదటి గీత పడిన క్షణానికీ మధ్య వ్యవధి ఉదయం పూట చాలా రోజులు 20 నిమిషాలు దాటింది. నిన్న ఎక్కడ ఆపానో వెతకడంలో, ఏ పుస్తకంతో మొదలుపెట్టాలో తేల్చుకోవడంలో, బల్ల మీది పాత కాగితాలను పక్కకు నెట్టడంలో ఆ సమయం పోతోంది. దీన్ని సోమరితనమని ఆమె తానే అనుకుంటూ వచ్చింది. నా అనుభవంలో ఇది సర్దుబాటు లోపంగానే ఎక్కువసార్లు తేలుతుంది.

కొలతలు: సొరుగు చేసిన పని

బల్ల పైభాగం నేల నుంచి 76 సెం.మీ. ఎత్తులో ఉంది. ఎత్తు మారని మామూలు బల్లలు ఇంచుమించు ఇంతే ఎత్తులో ఉంటాయి, అది పొడవైన వ్యక్తికి నప్పే ఎత్తు. ఈ విద్యార్థిని కూర్చున్నప్పుడు మోచేయి సీటు నుంచి 22 సెం.మీ. పైన ఉంటుంది, మోకాలి వెనక గుంట నుంచి మడమ వరకు 39 సెం.మీ. ఉంటుంది. కుర్చీ సీటు 45 సెం.మీ. ఎత్తులో బిగించి ఉంది. అంటే మోచేయి నేల నుంచి 67 సెం.మీ. దగ్గర ఉండగా బల్ల దానికంటే 9 సెం.మీ. పైన ఉంది. రాసేటప్పుడు బల్ల మోచేతికి సమానంగానో, రెండు మూడు సెంటీమీటర్లు పైనో ఉంటే భుజం వదులుగా వేలాడుతుంది. తొమ్మిది సెంటీమీటర్లు పైన ఉంటే చేతిని బల్ల మీద ఆనించడానికి భుజాన్ని చెవి వైపు ఎత్తి పట్టుకోవలసిందే, ఆ ఎత్తి పట్టుకోవడం మెడ నుంచి భుజానికి దిగే కండరం గంటల తరబడి మోసే పని. ఎడమచేతి వాటం మనిషికి ఎడమ భుజమే ఎందుకు నొస్తోందన్న ప్రశ్నకు ఇంతకంటే దూరం వెళ్ళి జవాబు వెతకనక్కర్లేదు. అదే సమయంలో సీటు ఆమె కాళ్ళకు 6 సెం.మీ. ఎక్కువ, పాదాలు నేల మీద పూర్తిగా ఆనవు, సీటు అంచు తొడల కింద నొక్కుతుంది, కాళ్ళు తిమ్మిరెక్కుతాయి. చేతులకు తక్కువైన కుర్చీయే కాళ్ళకు ఎక్కువైంది.

సీటును పైకి లేపి కాళ్ళ కింద పీట వేస్తే రెండు బాధలూ తీరతాయి. కుర్చీకి మీట ఉంది కూడా. ఎందుకు లేపలేదని అడిగితే, "లేపితే కాళ్ళు బల్ల కింద పట్టవు మేడమ్" అంది. బల్ల కింద వెడల్పాటి సొరుగు ఉంది. పైచెక్క మందం, సొరుగు లోతు కలిపి 14.5 సెం.మీ. వచ్చాయి, కాబట్టి సొరుగు అడుగు నేల నుంచి 61.5 సెం.మీ. దగ్గర ఉంది. కూర్చున్నప్పుడు ఆమె తొడల మందం 14 సెం.మీ. సీటు 45 దగ్గర ఉంటే తొడల పైభాగం 59కి వస్తుంది, రెండున్నర సెంటీమీటర్ల సందు మిగులుతుంది. చేతులకు అవసరమైన 52కి లేపితే తొడలు 66కి వచ్చి సొరుగుకు అడ్డం పడతాయి. ఎత్తు మారే కుర్చీ కొన్నారు గానీ ఆ ఎత్తును వాడుకునే వీలు సొరుగు మిగల్చలేదు. ఇంట్లో ఎవరికీ ఇది తోచకపోవడంలో ఆశ్చర్యం లేదు. బల్లనూ కుర్చీనీ విడివిడిగా చూసి కొంటారు, మనిషి కూర్చునేది ఆ రెంటి మధ్య సందులో.

స్క్రూలు విప్పి సొరుగునూ అది జరిగే పట్టాలనూ తీసేయించాను. బల్ల అడుగు 73.5 సెం.మీ.కి పెరిగింది. సీటును 52 దగ్గర నిలిపితే మోచేయి 74కి వచ్చింది, బల్ల 76 దగ్గర ఉండనే ఉంది. పాదాల కింద 13 సెం.మీ. ఎత్తున్న చెక్క పీట పెట్టించాం. రెండు పాదాలూ అటూ ఇటూ జరపడానికి చాలినంత వెడల్పు ఉండేలా చూశాం, ఎందుకంటే ఎంత సరైన భంగిమ అయినా కదలకుండా పట్టుకుంటే నొప్పే మిగులుతుంది. బల్ల కాళ్ళు కోయించడం మరో మార్గం. కొలతల పరంగా అదే మేలు, అప్పుడు పీటతో పని ఉండదు. అయితే తమ్ముడు అప్పటికే అక్కను మించి ఎదిగాడు, బల్ల అతనికీ కావాలి, కోసిన కాళ్ళను మళ్ళీ అతికించలేం. సీటు లోతు కూడా ఆమెకు కాస్త ఎక్కువే. వీపు ఆనించి కూర్చుంటే సీటు అంచు మోకాలి వెనక గుచ్చుకుంటోంది. నడుము వెనక చుట్టిన తువ్వాలు పెడితే మోకాలికీ సీటు అంచుకూ మధ్య రెండు మూడు వేళ్ళు పట్టే ఖాళీ వచ్చింది. కొత్త కుర్చీ మాట ఎత్తనివ్వలేదు.

ల్యాప్‌టాప్‌లో స్క్రీనూ కీబోర్డూ ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి కాబట్టి ఒకటి సరైన ఎత్తుకు వస్తే రెండోది తప్పుతుంది. ఆమె దాన్ని ప్రధానంగా పాఠాల వీడియోలు చూడటానికే వాడుతుంది, టైపు చేయడం తక్కువ. అందువల్ల విడిగా కీబోర్డు కొనకుండా, వీడియో చూసేటప్పుడు స్క్రీన్ పై అంచు కంటి ఎత్తుకు వచ్చేలా లావు పుస్తకాల మీద, చేయి చాచినంత దూరంలో పెడితే సరిపోయింది. పుస్తకాన్ని వాలుగా నిలిపే స్టాండు కూడా ఇచ్చి చూశాం. పెన్సిల్‌తో గీతలు పెట్టుకుంటూ చదివే అలవాటుకు అది అడ్డమని ఆమె పక్కన పెట్టేసింది, నేనూ పట్టుబట్టలేదు.

వెలుతురు

కిటికీకి ఎదురుగా బల్ల వేయడం చాలామందికి ఇష్టం. కాగితం మీద రాసేవారికి అందులో పెద్ద నష్టం లేదు. స్క్రీన్ వాడేవారికి మాత్రం పగలు స్క్రీన్ వెనకే ఆకాశపు ధగధగ ఉంటుంది, కళ్ళు ఆ రెంటికీ మార్చి మార్చి సర్దుకోలేక అలసిపోతాయి. ఆమె చేసిన పని అందరూ చేసేదే: కర్టెన్ లాగేసి పగలే ట్యూబ్‌లైట్ వేసుకోవడం. ఆ ట్యూబ్‌లైట్ ఆమె వీపు వెనక గోడకు ఉంది, కాబట్టి తల నీడ పుస్తకం మీద పడుతోంది. బల్ల దీపం ఎడమ మూలన ఉంది. దీపం ఎడమవైపు ఉండాలన్న సలహా కుడిచేత్తో రాసేవారిని దృష్టిలో పెట్టుకుని చెప్పినది. ఎడమచేత్తో రాసేవారికి ఆ దీపం చేతి నీడను సరిగ్గా కలం మొన ఉన్న చోటే వేస్తుంది. చీకటి పడ్డాక రెండు దీపాలూ వేసి, ఆ నీడలో వెలుతురును లక్స్ అనే ప్రమాణంలో కొలిచే మీటరు పెడితే 130 చూపించింది. పని ప్రదేశాల లైటింగుకు సంబంధించిన ఐరోపా ప్రమాణం ఈఎన్ 12464-1 చదవడం, రాయడం వంటి పనులకు 500 లక్స్ ఉండాలని చెబుతుంది.

కిటికీ ఆమె కుడిపక్కకు వచ్చేలా బల్లను తిప్పాం. దీపాన్ని కుడివైపుకు మార్చి, దాని తలను కాగితానికి 60 సెం.మీ. ఎత్తు నుంచి 40కి దించాం. వెలుతురు దూరపు వర్గానికి విలోమంగా తగ్గుతుంది కాబట్టి ఆ 20 సెం.మీ. తేడాకే కాగితం మీది వెలుతురు రెండింతలు దాటుతుంది. నీడ కూడా తొలగడంతో అదే బల్బుతో 500 లక్స్ దాటింది. ఒక్క దీపం వేసుకుని గదంతా చీకటిగా ఉంచుకుంటే మనసు నిలుస్తుందని ఆమెకు నమ్మకం. పుస్తకానికీ చుట్టుపక్కల చీకటికీ అంత తేడా ఉండటం కంటికి మంచిది కాదని చెప్పి, ట్యూబ్‌లైట్ కూడా వేసి ఉంచమన్నాను. పడుకునే ముందు చివరి గంటకు ఇది వర్తించదు. పగలూ రాత్రీ ఏదో మెదడుకు తెలిపే ప్రత్యేక కణాలు కంటి లోపలి పొర అయిన రెటీనాలో ఉన్నాయని 2002లో వెలువడిన పరిశోధనలు చూపించాయి. రాత్రి పొద్దుపోయేదాకా పడే బలమైన వెలుతురు నిద్రను వెనక్కి నెడుతుంది. ఆ గంటలో ట్యూబ్‌లైట్ ఆర్పి, దీపాన్ని గోడవైపు తిప్పుకుని తేలికైన చదువు చదవాలని ఒప్పందం.

మంచానికి వీపు పెట్టడం

ఈ కేసుకు చాలా దగ్గరగా ఉన్న పాత కేసు ఒకటి ఉంది. అమెరికా మనస్తత్వవేత్త ఇజ్రేల్ గోల్డైమండ్ 1965లో ప్రచురించిన వ్యాసంలో, చదవబోతే నిద్ర ముంచుకొచ్చే ఒక విద్యార్థినికి ఆయన చెప్పిన మొదటి పనులు 40 వాట్ల బల్బు మార్చి మంచి దీపం పెట్టుకోవడం, బల్లను మంచానికి అభిముఖంగా లేకుండా తిప్పుకోవడం. ఆ తర్వాత ఆ బల్ల దగ్గర చదువు తప్ప మరేదీ చేయకూడదన్నాడు. ఉత్తరం రాయాలంటే భోజనాల గదికి, పగటికలలు కనాలంటే మరో గదికి వెళ్ళాలి. మొదటి వారం ఆమె బల్ల దగ్గర గడిపింది పది నిమిషాలే. సెమిస్టర్ చివరికి వరుసగా నాలుగు వారాలు రోజుకు మూడేసి గంటలు గడపగలిగింది. ఇదే సూత్రాన్ని మరో మనస్తత్వవేత్త రిచర్డ్ బూట్‌జిన్ 1972లో నిద్రలేమికి తిప్పి వాడాడు: మంచం నిద్రకే, నిద్ర రాకపోతే మంచం దిగాలి. మా విద్యార్థిని రాత్రిళ్ళు మంచం మీద పుస్తకం, పగలు బల్ల దగ్గర కునుకు అన్న పద్ధతిలో రెండు చోట్లనూ పాడుచేసుకుంది. బల్లను తిప్పడంతో మంచం వీపు వెనక్కి పోయింది, కుర్చీకీ మంచానికీ మధ్య మనిషి నడిచేంత దారి ఏర్పడింది.

మనసు చెదిరితే లేచి వెళ్ళిపోవాలన్న నియమం మాత్రం మొదట ఇక్కడ పనిచేయలేదు. లేచిన అమ్మాయి వెళ్ళడానికి ఆ గదిలో మంచం తప్ప మరో చోటు లేదు. ముందు గదిలో కిటికీ పక్కన నిలబడే చోటును నిర్ణయించాక ఆ నియమం కుదురుకుంది. అక్కడ కుర్చీ వేయవద్దని ప్రత్యేకంగా చెప్పాను. లేవడాన్ని తగ్గించాలని మొదలుపెట్టి లేవమని చెప్పడమేమిటని తండ్రి అడిగారు. భుజం నొప్పి తరిమితే లేవడానికీ, చదువు ఆగిందని తెలిసి తానుగా లేవడానికీ తేడా ఉంది. మొదటిదానిలో పని మధ్యలో తెగిపోతుంది. రెండోదానిలో అప్పటికే తెగిపోయిన పనిని బల్ల మీద ఈడ్చకుండా ఉంటాం.

ప్రత్యేక గది లేనివాళ్ళకు ఈ పద్ధతి వీలుకాదని తరచూ వినిపిస్తుంది. గది అవసరం లేదు, ఒక గుర్తు చాలు. ఇక్కడ బల్ల దీపాన్నే గుర్తుగా పెట్టుకున్నాం: చదువుతున్నప్పుడు మాత్రమే అది వెలుగుతుంది, ఆపగానే ఆరిపోతుంది. దీపం వెలుగుతుంటే పలకరించకూడదని తమ్ముడికీ తెలిసిపోయింది, ఆ సంగతి నోటితో పదేపదే చెప్పవలసిన బాధ తప్పింది.

వస్తువులు, ఫోన్

సొరుగు పోవడం వల్ల ఒక అదనపు లాభం కలిగింది. అందులో ఉన్నవాటిని బయట పరిస్తే చదువుకు పనికొచ్చేవి గుప్పెడు కూడా లేవు. పట్టికలో ఏ వస్తువుల కోసం లేచిందో ఆ వస్తువులను మాత్రమే ఒక అట్టపెట్టెలో వేసి కుడిచేతికి అందే దూరంలో పెట్టాం. ఏవేవి పెట్టాలో నేను జాబితా ఇవ్వలేదు, పట్టికే ఇచ్చింది. ఛార్జర్ తీగను బల్ల కాలికి కట్టేశాం. పుస్తకాలలో ఆ వారం చదివేవి మాత్రమే బల్ల మీద, తక్కినవి అరలోకి.

ఫోన్ బల్ల మీద ఉండటానికి ఆమె దగ్గర సరైన కారణాలే ఉన్నాయి: అదే గడియారం, అదే టైమర్, అదే నిఘంటువు, అదే కాలిక్యులేటర్. ఆ పనులకు వేరే ఏర్పాటు చేయకుండా ఫోన్ తీసేయమంటే రెండో రోజు అది తిరిగి వస్తుంది. చిన్న బల్ల గడియారం, వంటింట్లో వాడే తిప్పుడు టైమర్, మామూలు కాలిక్యులేటర్ చేరాయి. అర్థం తెలియని మాటలను ఒక చీటీ మీద రాసుకుని గంట చివర ఒకేసారి చూడటం అలవాటైంది. ఫోన్ మరో గదిలో ఉన్నవారు బల్ల మీద ఉన్నవారికంటే ఆలోచన పరీక్షలలో మెరుగ్గా చేశారని 2017లో ఏడ్రియన్ వార్డ్ అనే పరిశోధకుడి బృందం ప్రచురించింది. తర్వాత జరిగిన ప్రయోగాలన్నీ అదే ఫలితాన్ని ఇవ్వలేదు. నేను దాన్ని రుజువుగా కుటుంబాల ముందు పెట్టను. ఈమె పట్టికలోని చుక్కలే ఈమెకు చాలిన రుజువు. అయితే అత్యవసరంగా ఎవరైనా ఫోన్ చేస్తే ఎలా అన్న భయంతో మరో గదిలో పెట్టడానికి ఆమె ఒప్పుకోలేదు. తలుపు పక్కనున్న ఎత్తైన అర మీద, రింగు వినిపించేలా, మిగతా నోటిఫికేషన్లు ఆపి పెట్టాలన్నది మధ్యేమార్గం. అందుకోవాలంటే లేవాలి, లేస్తే పట్టికలో రాయాలి.

ఉదయపు ఆలస్యానికి చేసిన చికిత్స చాలా చిన్నది. రాత్రి ఆపే ముందు రెండు నిమిషాలు కేటాయించి, మర్నాడు మొదట చేయవలసిన లెక్కను పుస్తకంలో తెరిచి, పక్కన తెల్ల కాగితం మీద ఆ లెక్క సంఖ్య రాసి పెట్టాలి. మొదటి పని సులభమైనది అయి ఉండాలి. కష్టమైన అధ్యాయంతో రోజు మొదలుపెట్టాలని తండ్రి సలహా. పట్టికలో "ఈ లెక్క నాకు రాదు" అన్న మాట ఉదయాలే ఎక్కువగా కనిపించడం చూశాక ఆ సలహాను పక్కన పెట్టాం.

శబ్దం, గాలి

తమ్ముడి క్లాసులో మాటల శబ్దం ఆమెకు పెద్ద చికాకు. దానికి విరుగుడుగా ఇయర్‌ఫోన్లలో పాటలు వినేది. వినిపించే మాటలు తెలియని భాషలో ఉన్నా సరే, చూసిన అక్షరాలను అదే క్రమంలో గుర్తుపెట్టుకునే పనిని అవి చెడగొడతాయని 1976లో కోల్, వెల్ష్ అనే పరిశోధకులు చేసిన ప్రయోగంలో తేలింది. అక్కడ వినిపించింది పాల్గొన్నవారికి అర్థంకాని జర్మన్ భాష. వాద్య సంగీతం కంటే గొంతుతో పాడిన పాట ఎక్కువ అడ్డు తగులుతుందని సలామే, బాడ్లీ 1989లో చూపించారు. అంటే మాటలను మాటలతో కప్పుకుంటోంది. తమ్ముడు ఇయర్‌ఫోన్లు పెట్టుకోవడానికి ఒప్పుకున్నాడు, కానీ అతను జవాబులు చెప్పేటప్పుడు గొంతు తప్పదు. అతని క్లాసును ముందు గదికి మార్చడం వారంలో కొన్ని రోజులే సాధ్యమైంది. మిగిలిన రోజుల్లో ఆ గంటన్నరలో కంఠస్థం చేసే పని పెట్టుకోకుండా, చేత్తో లెక్కలు చేసే పని పెట్టుకుంటోంది. ఒకే తీరున సాగే ఫ్యాను హోరు కూడా కొంత సాయపడింది.

శబ్దం రాకూడదని తలుపు, కిటికీ మూసుకుని ఇద్దరు ఆ గదిలో సాయంత్రమంతా ఉంటున్నారు. గదిలో కార్బన్ డయాక్సైడ్ 1000 పీపీఎమ్ (గాలిలో పది లక్షల భాగాలకు వెయ్యి భాగాలు) దాటకూడదని మ్యూనిక్‌కు చెందిన ఆరోగ్య శాస్త్రవేత్త పెటెన్‌కోఫర్ 1858లోనే ప్రతిపాదించాడు. మీటరు పెట్టి చూస్తే ఇక్కడ రాత్రి ఎనిమిదికల్లా దానికి రెట్టింపు దాటింది. ఆ వాయువే బుద్ధిని మందగిస్తుందా అన్నదాని మీద పరిశోధనలు ఒక మాట మీద లేవు. ఉక్కపోత, నిద్రమత్తు మాత్రం ఆమె పట్టికలోనే ఉన్నాయి. ప్రతి విరామంలో కిటికీ, తలుపు రెండూ తెరిచి ఉంచితే సరిపోయింది.

ఫలితం, దాని హద్దులు

ఆరు వారాల తర్వాత అదే పట్టికను మరో వారం నింపించాను. గంటకు లేచిన సార్లు సగానికి తగ్గాయి, శరీరానికి సంబంధించిన కారణాలు దాదాపు కనుమరుగయ్యాయి. ఉదయం మొదటి గీత చాలా రోజుల్లో ఐదు నిమిషాలలోపే పడుతోంది. భుజం నొప్పి వారంలో ఒకటి రెండు రోజులకు పరిమితమైంది, అదీ వరుసగా గంటన్నర దాటి కూర్చున్నప్పుడు. నిద్ర పట్టడం మెరుగైందని చెప్పింది, దాన్ని నేను విడిగా కొలవలేదు. ఫోన్ చుక్కలు తగ్గాయి గానీ రాత్రి తొమ్మిది తర్వాత వాటి సంఖ్య పాత స్థాయిలోనే ఉంది. ఆ సమయానికి చదవడం మానేయడమే మేలని నా అభిప్రాయం, ఆమె ఇంకా ఒప్పుకోలేదు.

ఇన్ని మార్పులు ఇంచుమించు ఒకేసారి చేశాం కాబట్టి ఏ మార్పు ఎంత మేలు చేసిందో విడదీసి చెప్పే వీలు లేదు. పరీక్ష దగ్గరపడటం కూడా మనిషిని కుర్చీలో కూర్చోబెడుతుంది. మార్కుల గురించి తల్లిదండ్రులు అడిగినప్పుడు బల్ల ఎత్తుకు మార్కులను ముడిపెట్టవద్దని చెప్పాను. ఒక్క విషయంలో నాకు నమ్మకం ఉంది: సొరుగు తీయకుండా తక్కినవన్నీ చేసి ఉంటే, భుజం ఆమెను ఆ కుర్చీలోంచి లేపుతూనే ఉండేది.

ఇంటి చోటు కుదిరాక దానికి మరీ అలవాటు పడటం గురించి కూడా కొంత చర్చ జరిగింది. నేర్చుకున్న చోటే గుర్తుకు తెచ్చుకోవడం సులభమని, నీటిలోనూ ఒడ్డునా పదాలు నేర్చుకున్న డైవర్లతో గోడెన్, బాడ్లీ 1975లో చేసిన ప్రసిద్ధ ప్రయోగం చెప్పింది. 2021లో ప్రచురితమైన పునఃప్రయోగంలో ఆ ఫలితం రాలేదు. స్మిత్, గ్లెన్‌బర్గ్, బ్యోర్క్ 1978లో చూపినట్టు, రెండు వేర్వేరు గదుల్లో చదివినవారు మూడో గదిలో ఎక్కువ గుర్తుంచుకోవడం పరీక్ష రాసేవారికి దగ్గరి విషయం. అందువల్ల పరీక్షకు ముందు నెలలో పూర్తి నిడివి నమూనా పరీక్షలను ఇంటి బల్ల మీద కాకుండా లైబ్రరీలో, పీటా తువ్వాలూ లేని మామూలు కుర్చీలో రాయమని సూచించాను. తమ్ముడు కూడా ఆదివారాలు ఇదే బల్ల వాడుకోవడం మొదలుపెట్టాడు. కుర్చీ కాడ మీద ఇద్దరి ఎత్తులకూ రెండు రంగుల్లో గీతలు పెట్టి ఇచ్చాను. అతను కూర్చునేటప్పుడు పీట పక్కకు జరిపి, సీటును తన గీతకు దించుకోవాలి. అతని కొలతలు ఇంకా మారుతున్నాయి కనుక ఆ గీతను ఆరు నెలలకొకసారి మళ్ళీ కొలిచి సరిచేయాలని కేసు కాగితంలో రాసి పెట్టాను.